టేపు డ్రైవుల కంపెనీ చివరి సర్వీసు

నా మొదటి ఉద్యోగం కంప్యూటర్ టేపు డ్రైవులు తయారుచేసే కంపెనీలో. పళ్లెమంత చక్రాలకు చుట్టిన టేపు మీద లెక్కలు రాసి, అడిగినప్పుడు చదివిపెట్టే యంత్రాలవి. మా యజమాని డెబ్బైల చివర్లో సర్కారు కొలువు వదిలి, హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో కంపెనీ పెట్టారు. టేపును చదివే హెడ్డు మాత్రం విదేశాల నుంచి వచ్చేది. మోటార్లు, బోర్డులు, అద్దాల తలుపులు అన్నీ షెడ్డులోనే బిగించేవాళ్లం. మాది ఖమ్మం దగ్గరి వైరా కనుక ఆ వైపు మరమ్మతుల సర్వీసు నాకిచ్చారు.

పాల్వంచ దాటాక అడవి అంచున ఒక ఫ్యాక్టరీలో మా డ్రైవులు రెండుండేవి. వాటిని నడిపే ఆపరేటరు ఖమ్మం ముస్లిం, నాకన్నా పెద్దవాడు. భాయ్ అని పిలిచేవాణ్ణి. ఎండాకాలం ఎర్రదుమ్ము ఏసీ గదిలోకీ చొరబడి హెడ్డుకు పట్టేది. ఆయన ఫోను చేస్తే నేను బస్సెక్కేవాణ్ణి.

తొంభైల్లో దిగుమతులు తేలికయ్యాయి. అరచేతిలో పట్టే టేపులు, వాటి డ్రైవులు బయటినుంచి చవగ్గా వచ్చాయి. మాకు ఆర్డర్లు ఆగిపోయాయి. యజమాని మమ్మల్నందరినీ షెడ్డులో కూర్చోబెట్టి, మూసేస్తున్నానని చెప్పారు. నేను వైరా వచ్చేశాను.

కొన్ని నెలలకు భాయ్ కబురు పంపాడు. ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటరు వచ్చింది. ఏ కార్మికుడు ఎప్పుడు చేరాడో, ఎక్కడ పనిచేశాడో అంతా పాత టేపుల్లోనే ఉంది. అదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాలి. మా డ్రైవుల్లో ఒకటి చచ్చిపోయింది, రెండోది హెడ్డు అరిగి తప్పులు చదువుతోంది. నేను వెళ్లి చూశాను కానీ, మార్చడానికి నా దగ్గర హెడ్డు లేదు. యజమానికి ఫోను చేశాను. ఆయన సరేనని పెట్టేశారు. రెండు రోజులకు ఫ్యాక్టరీ గేటు దగ్గర బస్సు దిగారు.

"మీరెందుకొచ్చిండ్రు సార్? కంపెనీయే లేదు గదా," అన్నాను.

"కంపెనీ లేకుంటే ఏంది, మిషన్ ఉన్నది గదా. జల్దీ పా."

ఆయన సంచిలో మిగిలిన ఒకే ఒక్క హెడ్డు ఉంది. తానే బిగించబోయి, మరలు గాడిలో కూర్చోక స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు.

"నువ్వే పెట్టు. నాకు మరలు సక్కగ కనబడ్తలేవు."

ఆయన టార్చి పట్టుకుంటే నేను బిగించాను. చక్రాలు తిరిగాయి. మొదటి టేపు తప్పుల్లేకుండా చివరిదాకా చదివింది. భాయ్ అన్నానికి పిలిచాడు.

"చల్లారిపోతది సార్, రండ్రి."

"ఇంకొకటి చూసి వస్త," అంటూ యజమాని మధ్యాహ్నమంతా డ్రైవు అద్దం తలుపు ముందే నిలబడ్డారు.

వారం పట్టింది. బూజు పట్టిన ఒక టేపు తప్ప అన్నీ ఎక్కాయి. ఇక డ్రైవును ఆయన చేతుల మీదుగానే ఆపమని ఫ్యాక్టరీ మేనేజరు మర్యాదగా అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపి బయటికి నడిచారు. భాయ్ స్విచ్చి ఆపాడు.

ఆయన మళ్లీ ఏ కంపెనీ పెట్టలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నారని తర్వాత విన్నాను. డ్రైవులు పాత ఇనుము కింద పోయాయి. ఫ్యాక్టరీ నన్ను ఆ గదిలోనే ఉద్యోగానికి పెట్టుకుంది. కొత్త కంప్యూటరు మీద భాయ్ ఫిర్యాదులు వినడం ఇక నా వంతయింది.