నాలుగు నెలల తేడా

మా ఆయన రాధాకృష్ణ గారు నలభై ఏళ్లు డెట్రాయిట్‌లో కార్ల విడిభాగాలు డిజైన్ చేశారు. అంగుళంలో వెయ్యోవంతు తేడా వచ్చినా నిద్రపట్టని మనిషి. అలాంటాయన తన పుట్టినరోజు సంగతి ఎవరడిగినా "అది మా హెడ్మాస్టరు రాసిన తేదీలే" అని దాటేసేవారు.

కాగితాల ప్రకారం ఆయన పుట్టింది 1947లో. యుద్ధం అయిపోయాక ప్రపంచమంతా పనిగట్టుకుని పిల్లల్ని కన్నట్టుంది. డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి డారతీ పుట్టిందీ ఆ ఏడే. వాళ్లింట్లో ఎనిమిదిమంది. బడిలో గదులు చాలక సగంమందికి పొద్దున, సగంమందికి మధ్యాహ్నం పాఠాలట. తెనాలిలో మా ఆయన ఇంట్లో ఏడుగురు. అత్తగారు అందరినీ వరసగా కూర్చోబెట్టి ఒకే పళ్లెంలో అన్నం కలిపి ముద్దలు పెట్టేవారట. ఈయన తన ముద్ద అందుకుని మళ్లీ వరస చివరికి పరిగెత్తి కూర్చునేవారు. ఆ దొంగతనం కనిపెట్టింది అక్క జ్ఞానప్రసూన ఒక్కతే. కనిపెట్టి కూడా అమ్మకి చెప్పేది కాదు. ఇద్దరూ ఒకే రోజు బడిలో చేరారు, ఇద్దరికీ ఒకటే పలక. కంచెకి అటు డారతీ, ఇటు మా ఆయన నిలబడి గంటలకొద్దీ ఇవే కబుర్లు. లోపల అన్నం చల్లారిపోతోందన్న నా గోల ఎవరికీ పట్టేది కాదు.

ఆ అక్కకి, అంటే మా వదినగారికి, పిల్లలు లేరు. భర్త పోయాక ఒంటరిగా ఉన్న ఆవిడని ఇక్కడికే తెచ్చుకుందామని 2000లో ఈయన సొంత తోబుట్టువులకిచ్చే గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశారు. పన్నెండేళ్లు ఎదురుచూశారు. ఆవిడ మోకాళ్ల నొప్పులు తలుచుకుని మెట్లకి రెండోవైపు కూడా రెయిలింగ్ బిగించారు. 2012లో కాన్సులేట్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్క మార్చిలో, తమ్ముడు అదే ఏడు జూలైలో పుట్టినట్టు మీ కాగితాల్లో ఉంది, ఒకే తల్లికి అదెలా సాధ్యం, ఇద్దరూ డీఎన్ఏ పరీక్ష చేయించుకోండి అని అందులో ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆ కాలం వాళ్లలో ఎవరి తేదీ సరిగ్గా ఏడిసింది? నన్ను బడిలో వేసిన రోజు మా నాన్న నోటికొచ్చిన తేదీ చెప్పారు. కానీ మా ఆయన ఆ ఉత్తరం సొరుగులో పెట్టి మూడు వారాలు కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం పొద్దున ఆయన వాకింగ్‌కి వెళ్లగానే నేనే తెనాలికి ఫోన్ చేశాను.

"వదినా, ముందు మీరు ల్యాబ్‌కి వెళ్లి టెస్ట్ చేయించుకోండి. ఈయన్ని నేను లాక్కెళ్తాను."

"వద్దులే ఇంద్రజా. నేనిక రాను."

ఎంత బతిమాలినా అదే మాట. చివరికి నెమ్మదిగా చెప్పారు. "వాడు మా పిన్ని కొడుకమ్మా. పిన్ని పురిట్లోనే పోయింది. అమ్మ ఇద్దరికీ పాలిచ్చి పెంచింది. నా పెళ్లప్పుడు నాకొక్కదానికే చెప్పింది. ఆ తేదీలు రెండూ సరైనవే. కృష్ణకి తెలియదు. ఈ వయసులో వాడికి అమ్మని లేకుండా చెయ్యలేను."

ఆయన ఇంటికొచ్చాక, కారణం మింగేసి, "మీ అక్కగారు రారట" అన్నాను. పెద్ద గొడవే చేస్తారనుకున్నాను. ఆయన బూట్లు విప్పుకుంటూ "పోనీలే, అదే మంచిది" అని గట్టిగా ఊపిరి వదిలారు. అప్పుడు నాకు అర్థమైంది.

"మీకు తెలుసు కదూ?"

విప్పిన బూట్లు గోడవారగా సర్దారు. "పదో ఏట అమ్మే చెప్పింది. ఈ టెస్ట్ దాకా వస్తుందనుకోలేదు. అక్కకి మాత్రం తెలియకూడదు ఇంద్రా. ఇన్నాళ్లూ సొంత తమ్ముడనుకుని..."

ఈ ముసలి పిల్లలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే సంగతి దాచుకుని, అందుకోసం ఒకరినొకరు వదులుకుంటున్నారు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "మీ అక్కగారికీ తెలుసు" అని చెప్పి, మళ్లీ తెనాలికి కలిపి, స్పీకర్‌లో పెట్టి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"అక్కా, పిన్ని సంగతి నాకు తెలుసు."

ఆయన ఫోన్ ఇంకా దగ్గరికి తెచ్చుకున్నారు.

"చిన్నప్పుడే అమ్మ చెప్పింది. నీకు చెప్పొద్దంది. నీ పాలు పంచుకున్నానని బాధపడతావంది."

"బాధెందుకురా" అన్నారు వదినగారు. "నువ్వు ఏడిస్తే నేనే తాగడం ఆపేసి పక్కకి తిరిగేదాన్నట. అదీ అమ్మే చెప్పింది."

మా ఆయన ఫోన్ రెండు చేతులా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. అరవై అయిదేళ్ల మనిషి. ఏడవనిచ్చాను.

ఆ వీసా ఇక రాదు. పై నెలలో, నన్నొక్క మాటైనా అడక్కుండా, ఆయనే తెనాలికి టికెట్ బుక్ చేసుకున్నారు. ఎయిర్‌పోర్ట్‌లో దింపుతూ, ఎన్నాళ్లుంటారని అడిగాను.

"అక్క పొమ్మనేదాకా" అన్నారు.