లాంచీ అక్క బిగింపులు

ఆ వీధిలో ఆమెను అందరూ లాంచీ అక్క అంటారు. నది మీద వంతెన రాకముందు ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిరిగే లాంచీలో టికెట్లు ఇచ్చేది. ఆ లాంచీ నడిపిన సారంగే ఆమె భర్త. "లోపలికి జరగండి, ఇంకా జరగండి" అని ఆమె గొంతు చించుకుంటుంటే, పైన చుక్కాని పట్టుకున్నవాడు వినీ వినీ ఆ గొంతుకే పడిపోయాడని జనం చెప్పుకునేవారు.

వంతెన వచ్చింది, లాంచీ తుక్కు కిందకు పోయింది. ఇద్దరూ ఇంటిపట్టున పడ్డారు. వంట ఆమెది, బట్టలు ఉతికి ఆరేయడం ఆయనది. తీరిక చిక్కాక ఆమెకు ఒక కోరిక పుట్టింది: ఆ లాంచీని అచ్చు అలాగే, మూరెడు పొడవున చెక్కతో చేయాలి.

పక్కటెముకల్లా అడ్డపలకలు నిలబెట్టేవరకు పని బాగానే సాగింది. వాటి మీద పలచని చెక్కపట్టీలు ఒకదాని పక్కన ఒకటి అతికించాలి. పడవ ముక్కు దగ్గర పట్టీ వంపు తిరగాలి. నీళ్లలో నానబెట్టి వంచినా, జిగురు ఆరేలోపే టప్పున లేచి మొహాన కొట్టేది. పోనీ చేత్తో పట్టుకుని కూర్చుందామంటే పొయ్యి మీద గిన్నె మాడేది.

అప్పుడు ఆమె కన్ను దండెం మీది క్లిప్పుల మీద పడింది.

మొదట ఒకటి రెండే తీసింది. తర్వాత లెక్క తప్పింది. ఒకరోజు గాలి వీచి సారంగు తెల్లచొక్కా డాబా మీంచి ఎగిరింది. కింద నిలబడి ఉత్తరాలు సర్దుకుంటున్న పోస్ట్‌మాన్ నెత్తిన ముసుగులా పడింది.

"ఏమే, మన క్లిప్పులేమయ్యాయి?"

"పనికెళ్లాయి."

ఆయన విసవిసా వెళ్లి చూస్తే, బల్ల మీద లాంచీ ఒళ్లంతా క్లిప్పులతో ముళ్లపందిలా ఉంది. కోప్పడదామనే వచ్చాడు గానీ, పడవ ముక్కు చూడగానే చొక్కా సంగతే మరిచిపోయాడు.

"ఇదేం ముక్కే, ఇంత మొద్దుగా? మనది నీళ్లు చీల్చుకుంటూ పోయేది!"

"నాకు తెలీదా? క్లిప్పు మూతి అంత ఇరుకు సందులోకి దూరితేగా! పైగా కరిచిన చోటల్లా గంటు."

మర్నాడు ఇద్దరూ కలిసి ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లారు. కొట్టతను ఉన్న క్లిప్పులన్నీ బల్ల మీద పరిచాడు. ఆమె ఒక్కో క్లిప్పూ తీసి చెవితమ్మెకు తగిలించుకుని చూసింది. చెవికి నొప్పి పుడితే మెత్తని చెక్కకు మచ్చ పడుతుందని ఆమె లెక్క. కాగితాలకు పెట్టే నల్లక్లిప్పు కరవగానే "అమ్మో!" అంది.

"అక్కా, క్లాంపులు కొంటున్నావా, కమ్మలు కొంటున్నావా?" అని కొట్టతను నవ్వాడు.

చివరికి మర తిప్పి బిగించే ఇనుప క్లాంపు చూపించాడు. ఆమె చేతిలో తూచి, "ఇది నా లాంచీకి లంగరుగా పనికొస్తుంది" అని పక్కన పెట్టేసింది. గరుకు కాగితం ఒక్కటి పట్టుకుని ఇంటికొచ్చారు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక చెక్క క్లిప్పును విప్పి రెండు బద్దలు చేసింది. వాటి వీపులు ఎదురెదురుగా వచ్చేలా తిప్పి, మళ్లీ స్ప్రింగు తొడిగింది. ఇన్నాళ్లూ వేళ్లతో నొక్కిన తోకలే ఇప్పుడు మూతులయ్యాయి, పొడవుగా, సన్నగా. వాటిని గరుకు కాగితంతో ఇంకా పలచన చేసి, లోపల పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించింది. స్ప్రింగు బిగువు తగ్గేందుకు మూతుల మధ్య గరిటె కాడ దూర్చి ఉంచింది. అలా ఒక గిన్నెడు చేసింది. పట్టీలు బుద్ధిగా వంగి కూర్చున్నాయి. మచ్చ అన్నది లేదు.

అయితే ముక్కు చివర, రెండు వైపుల పట్టీలూ కలిసేచోట, ఏ బిగింపూ నిలవలేదు. వాలుకు జారిపోయేది. సారంగు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పట్టుకున్నాడు.

"కదలకండి."

"ఎంతసేపు?"

"జిగురు ఒప్పుకునేదాకా."

కాసేపటికి ఆయన, "ముక్కు దురదే" అన్నాడు.

"ఎవరి ముక్కు?"

"నాదేనే తల్లీ!"

ఆమె క్లిప్పు కొసతో గోకింది. చేతులు కట్టుబడిపోయిన మనిషికి మాటలు ఊరాయి. "నడినదిలో లాంచీ నెమ్మది చేసేవాణ్ణి, గుర్తుందా? ఇంజను వేడెక్కిందనేవాణ్ణి. వేడీ లేదు, పాడూ లేదు. నువ్వు టికెట్లిస్తూ పైదాకా వచ్చేందుకు టైం చాలాలి కదా."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. ఇంజను మేస్త్రీ చెప్పాడు. అందుకే నేనూ చిల్లర మెల్లిగా లెక్కపెట్టేదాన్ని."

జిగురు ఆరిన సంగతి ఇద్దరూ చాలాసేపు గమనించలేదు.

సాయంత్రం సారంగు చిన్న చెక్కముక్కలు రెండు తీసుకుని, వాటి లోపలి అంచులను పడవ ముక్కు వాలుకు సరిపడా గీశాడు. రెండిటికీ బెజ్జం పెట్టి, బోల్టు దూర్చి, రెక్కల నట్టు బిగించాడు. "ఇవిగో నా వేళ్లు. ఇక నన్ను వదిలెయ్" అన్నాడు. ఆ బిగింపు జారలేదు. మిగతా పట్టీలన్నీ దాంతోనే అతికాయి. ముక్కు ఆయన కోరినంత సన్నగా వచ్చింది.

లాంచీ ఇప్పుడు అల్మరా మీద ఉంది. మూల సందులో కళ్లజోళ్లు బాగుచేసే అతను చూడ్డానికి వచ్చి, లాంచీని ఒక్క క్షణం చూసి, బిగింపులను చాలాసేపు చూశాడు. ఫ్రేములు అతికించడానికి కొన్ని చేసివ్వమని అడిగితే, ఆమె సంబరంగా ఒప్పుకుంది.

ప్రస్తుతం ఆ లాంచీ ఆగే రేవును కూడా చెక్కతో చేయడం మొదలుపెట్టారు. మెట్లకు సన్నమూతి క్లిప్పు చాలని ఆమె, నట్టు బిగింపు ఉండాల్సిందేనని ఆయన. రేవు ఇంకా ఒక్క మెట్టు కూడా లేవలేదు. ఇద్దరికీ తొందరా లేదు.