ఎస్‌డీబీ అని చీటీ అంటించిన డిస్కు

సూర్యాపేటలో పాత హార్డ్ డిస్కును సగం ధరకు కొట్టేసి, పైగా కేబులు ఊరికే గుంజుకున్న మొనగాణ్ణి నేనే. ఆ కేబులు జానెడు కూడా లేదన్న సంగతి కోదాడ చేరాక తెలిసింది.

అది 2009. కోదాడలో ఒక ఫోటో ల్యాబులో లినక్స్ మెషీన్ బాగోగులు నేనే చూసేవాణ్ణి. ఒక పెళ్ళి ఫోటోలున్న డిస్కు టకటకమంటూ ప్రాణం మీదికి తెచ్చుకుంది. కెమెరా కార్డులు అప్పటికే వేరే పెళ్ళికి తుడిచేశారు, ఫోటోలు ఇంకెక్కడా లేవు. సూర్యాపేటలో కొన్న ఆ ఖాళీ డిస్కులోకి అంతా కాపీ చేసి, మిర్యాలగూడ బస్సెక్కాలని నా ఆలోచన.

మిర్యాలగూడలో మా కిరాణా కొట్లో డబ్బాల మీద పేర్లుండవు. గుమ్మం నుంచి మూడో వరుసలో రెండో డబ్బా అంటే ధనియాలే. చోటే పేరు. ఆ అలవాటుతోనే, మెషీన్‌లో దాని చోటు పేరు అదేననుకుని, ఫోటోల డిస్కు మీద ఏనాడో ‘ఎస్‌డీబీ’ అని చీటీ అంటించాను. కానీ లినక్స్ లాంటి యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఆ పేరు డిస్కు సొంతం కాదు. డిస్కుకు అసలు చిరునామా వేరే ఉంటుంది: ఏ కంట్రోలరు, అందులో కేబులు తగిలే ఏ పోర్టు అన్నది. మెషీన్ లేచేటప్పుడు పోర్టులు తడుముకుంటూ, దొరికినవాటికి దొరికిన వరుసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లు పంచుతుంది. ఇవాళ ఏ చిరునామాకు ఏ పేరు పడిందో బాణం గుర్తులతో చూపే జాబితా కూడా ఉంటుంది. నేను చూడలేదు. చీటీ ఉంది కదా!

మొదటి పోర్టులో మెషీన్ సొంత డిస్కు, మూడో పోర్టులో ఫోటోల డిస్కు ఉన్నాయి. కేబులు పొట్టిది కాబట్టి ఖాళీ డిస్కును మధ్యలో ఉన్న రెండో పోర్టుకు తగిలించి, మెషీన్‌ను మళ్ళీ లేపాను. ఎస్‌డీబీని ఎస్‌డీసీలోకి కాపీ చేయమన్నాను.

అప్పుడే గరిడేపల్లి నుంచి పెళ్ళికూతురి తండ్రి వచ్చి, ఆ ఇరుకు గదికున్న ఒక్క తలుపుకూ అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు.

“ఎంతసేపయితది బిడ్డా? ఆల్బం లేకపోతే మా ఆడోళ్లు నన్ను ఇంట్లకు రానిస్తలేరు.”

“అరగంట, పెద్దాయనా.”

ఊసుపోక ఆ జాబితా తెరిచాను. మూడో పోర్టు పక్కన బాణం ఎస్‌డీసీని చూపిస్తోంది. ఖాళీ డిస్కును ఫోటోల మీద రుద్దుతున్నాను! వెంటనే ఆపాను.

పక్క నుంచి తెర చూస్తున్న ల్యాబు యజమాని నా చెవిలో, “డిస్కు చచ్చిపోయిందని చెప్పెయ్యండి. ఎలాగూ పోయేదేగా” అన్నాడు.

నా నాలుక చివరా అదే మాట ఉంది.

“ఏం గుసగుస? నాకు ఇనబడేటట్టు జెప్పుండ్రి” అన్నాడు పెద్దాయన.

తలుపు వైపు చూశాను. కుర్చీ కదల్లేదు.

“డిస్కు తప్పేం లేదు, పెద్దాయనా. నేనే చెరిపిన.”

“మొత్తమా?”

“తెల్వదు. మిగిలినయి ఏరుత.”

“మూడు దినాలు జేసినం పెండ్లి. జర్రసేపట్ల ఖతం జేసినవ్. ఏరు. నేను గీడనే కూసుంట.”

బస్సు పోయింది. నేను ఏరుతూనే ఉన్నాను. ఆయన నీళ్ళకు కూడా లేవలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. తీసినవి ఏడు వందల పన్నెండు. పేరూ వరుసా లేకుండా దొరికినవి నాలుగు వందల ఆరు. వాటిలో భోజనాల బంతులున్నాయి, బ్యాండువాళ్ళున్నారు, అప్పగింతలున్నాయి. తాళి కట్టేది ఒక్కటీ లేదు. పోయినవి మూడు వందల ఆరు. మూడు వందల ఆరూ నా చేత్తో పోయినవే.