ఎదురింట్లో వినిపించిన ఆడగొంతు

మా చిన్ననాడు సిరిసిల్లలో కరెంటు పోయిందంటే చాలు... ఊరికి కొత్తగా చెవులు వచ్చినట్టుండేది. మరమగ్గాలను మేం సాంచెలంటాం. పొద్దంతా టకటకమని కొట్టుకునే సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోతే, నాలుగిళ్ళ అవతల ఎవరు దగ్గినా తెలిసేది.

అలా ఒక మధ్యాహ్నం సాంచెలు ఆగినప్పుడే, మా ఎదురింట్లోంచి ఆడగొంతు వినిపించింది.

ఆ ఇంట్లో ఆడమనిషి లేదు...

అక్కడ అద్దెకుండేది గంగాధరం సారు ఒక్కరే. యాభై దాటిన మనిషి. ఆయన నవ్వగా మా వాడలో ఎవరూ చూడలేదు. అలాంటి మనిషి, వచ్చిన రోజే ఇల్లు అద్దెకిచ్చిన లచ్చవ్వతో "నేను హైదరాబాద్ టీవీల నవ్విచ్చేటోన్ని" అన్నారట!

ఎవరూ నమ్మలేదు. టీవీలు బాగుచేసే ఖదీర్ మామ అసలే నమ్మలేదు.

"పొద్దుందాక డబ్బాల ముందటనే కూసుంట. గీ మొకం ఎన్నడు కనవడలే" అన్నాడు. టీవీల సంగతిలో మా వాడకు ఖదీర్ మామ మాటే ప్రమాణం.

ఇక అమ్మకు అనుమానం పట్టుకుంది. బియ్యం చాటలో పోసుకుని గడపలో కూర్చునేది గానీ, కళ్ళు బియ్యం మీద ఉండేవి కావు... సారు దండెం మీద ఏం ఆరేశారు, సంచిలో ఏం తెచ్చారు, అన్నీ చూసేది.

"ఒక్క కంచమే కడుగుతుండు... మరి గామె ఏం తింటున్నట్టు?" అంది ఒకరోజు నాన్నతో.

"రేడియో గావచ్చు తియ్" అన్నాడు నాన్న.

"రేడియో మనం అడిగినదానికి జవాబిస్తదా? ఆయన అడుగుతుండు, ఆమె చెప్తుంది. నా చెవులతోని ఇన్న."

నాలుగు రోజుల్లో ఆ మాట వాడంతా తిరిగింది. ఎవరి బిడ్డనో తెచ్చి లోపల పెట్టి తాళం వేశాడన్నారు. సారు గడియ తీసిన చప్పుడైతే చాలు, నన్ను అమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగేది. పంపు దగ్గర ఆయన బిందె పెడితే, పక్కన ఇంకెవరూ బిందె పెట్టేవారు కాదు. ఆయన అదంతా చూశారో లేదో... తలవంచుకుని నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేవారు.

మళ్ళీ ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ళీ అదే గొంతు.

ఈసారి లచ్చవ్వ ఆగలేదు. అమ్మను, నాన్నను, ఖదీర్ మామను వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు కొట్టింది. నేను అమ్మ కొంగు పట్టుకుని వెనకాలే వెళ్ళాను. గొంతు టక్కున ఆగిపోయింది.

సారు తలుపు తీశారు.

"లోపల ఎవలున్నరు సారు?"

"ఎవ్వలు లేరవ్వా... వచ్చి చూడుండ్రి."

లచ్చవ్వ వంటింట్లోకి, అమ్మ తలుపు చాటుకు, నాన్న పెరట్లోకి... ఎక్కడా ఎవరూ లేరు. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒకదాని మీద ఆకుపచ్చ చీర మడతపెట్టి ఉంది.

అమ్మ ఆ చీరను చూపించింది. "మరి గిదెవలది?"

"నా పెండ్లాంది... శకుంతలది. సచ్చిపోయి రెండేండ్లాయె."

ఆయనే నిలబడి మెల్లగా చెప్పారు... కోరుట్లలో నాటకాలు వేసేవాళ్ళంతా ఒకరొకరే వదిలేస్తే, తాను హైదరాబాద్ పోయారట. అక్కడ శకుంతలమ్మ పరిచయం, పెళ్ళి. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఇద్దరూ కొట్లాడుకునే మొగుడూ పెళ్ళాలుగా చిన్న చిన్న హాస్య నాటికలు చేశారట. ఆమె పోయాక టీవీవాళ్ళు ఆయన పక్కన ఇంకొకామెను నిలబెట్టారు. ఆయనకు నోట మాట రాలేదు. తర్వాత పిలవడం మానేశారు. శకుంతలమ్మ పుట్టింది సిరిసిల్లలో. అందుకే ఇక్కడికి వచ్చారు.

"మరి గీ ఆడగొంతు?" అన్నాడు నాన్న.

"నా మాటలు నాకు యాదికున్నయి. ఆమెయి మర్చిపోతున్న... గందుకే రెండు నేనే చెప్పుకుంటున్న."

ఖదీర్ మామకు ఇంకా నమ్మకం కుదరలేదు. "యాక్టరైతే మా ముందట చేసి సూపెట్టుండ్రి సాబ్."

సారు గడపలోకి వచ్చి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"ఏమేయ్, చాయ్ల చక్కెరేది?"

భుజం ఇటు తిరిగింది. కొంగు లేకపోయినా దోపుకున్నట్టు చెయ్యి నడుము దగ్గరకు పోయింది. గొంతు మారింది.

"పెండ్లిచూపులనాడు నా మాటలల్లనే చక్కెరున్నదంటివి గద! గదే కలుపుకొని తాగు!"

లచ్చవ్వ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు పక్కిళ్ళ వాళ్ళు వచ్చారు. ఖదీర్ మామ కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు...

అంతలో కరెంటు వచ్చింది. సాంచెలు మొదలయ్యాయి. అందరూ పనిమీద పరుగెత్తారు. సారు ఆపలేదు. మా గడపలో నిలబడ్డ నాకు ఆ చప్పుడులో ఆయన పెదాలు కదలడమే కనిపించింది. చివరిదాకా చేసి, ఖాళీ వాకిలికి దండం పెట్టి లోపలికి వెళ్ళారు.

కథ అక్కడితో చక్కబడిందనుకుంటున్నారా... లేదు. నెల తిరగకుండానే లచ్చవ్వ ఇల్లు ఖాళీ చేయించింది.

"మంచోడే గని... ఆడగొంతు, మగగొంతు రెండు తీసేటోన్ని ఎట్ల నమ్ముతం బిడ్డా?" అంది అమ్మతో. ఈసారి అమ్మ కళ్ళు చాటలో బియ్యం మీదే ఉన్నాయి. ఆయన ఎటు వెళ్ళారో ఎవరూ అడగలేదు.

ఖదీర్ మామ మాత్రం చాలా ఏళ్ళకు నాతో అన్నాడు. "ఆయన టీవీల ఉన్న దినాలల్ల మన ఊరికి హైదరాబాద్ టీవీ బొమ్మ అందకపోతుండె బిడ్డా. నేను ఎట్ల చూస్త? గది ఆనాడే చెప్పకపోతి..."

ఇప్పుడు ఫోన్‌లో ఏ పాత హాస్యమైనా దొరుకుతుంది. గంగాధరం, శకుంతల అని ఎన్నిసార్లు వెతికానో... ఒక్క ముక్క దొరకలేదు. నేను విన్న ఆ రెండు మాటలే మిగిలాయి. ఇప్పుడు పక్కింట్లో ఎవరున్నారో మనకు తెలియదు. అనుమానించేంత దగ్గరగా కూడా ఎవరూ ఎవరినీ చూడడం లేదు...

ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి... చక్కెర కోసం కొట్లాడుకునే ఆ మొగుడూ పెళ్ళాలను మీ ఇంట్లో టీవీలో చూశారా? ఆమె ఆ తర్వాత ఏమన్నదో మీలో ఒక్కరికైనా గుర్తుందా?