తాళం కన్నంలో కాపురం

మా పాత కారుకు డ్రైవరు తలుపు బయటి తాళం కన్నం చెడి చాలా కాలమైంది. ఉప్పుగాలికి దాని మీది చిన్న రేకు తుప్పు పట్టి రాలిపోయింది. తాళంచెవి తిరిగేలోపు నా చొక్కా చెమటకు తడిసిపోయేది. ఇందుకూరుపేట మెకానిక్, "అన్నా, రిమోట్ లాక్ బిగించేస్తా. ఆ కన్నానికి ప్లాస్టిక్ మూత కొట్టేస్తే పీడ పోద్ది," అన్నాడు. మూత కొని కారులో పడేసుకున్నాను. రొయ్యల గుంటలకు మేత, మందులు చేరవేసే బండి కదా, దాన్ని అతని దగ్గర వదిలే తీరిక దొరకలేదు.

ఈలోపు ఒక కుమ్మరి పురుగు వచ్చి ఆ కన్నాన్ని తడిమట్టితో మూసేసింది. కూలి అడగలేదు గానీ రంగు మాత్రం కలవలేదు.

చీపురుపుల్లతో గీకబోతుంటే మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది.

"ఏందయ్యా, దాన్ని ముట్టుకోబాక."

"ఏందిమే, నా కారు నేను బాగుచేసుకోవద్దా?"

"కుమ్మరి పురుగు గూడు కట్టిన ఇంట్లో కడుపు నిలుస్తాదంటారు."

ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుని, పక్కింటివాళ్లు గుమ్మానికి గుమ్మడికాయ కడితే నవ్వే మనిషి ఈమె.

"ఈ సంగతి పాస్టరుగారికి చెప్పమంటావా?"

"చెప్పబాక," అంది. ఎత్తిన గరిటె ఇంకా పైనే ఉంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీపురుపుల్ల పడేశాను. వసారాలో మంచం మీద మా అమ్మణ్ణి పడుకుని ఉంది, మా ఒక్కగానొక్క కూతురు. ఇంతకుముందు రెండుసార్లూ నాలుగో నెలలోనే కడుపు పోయింది. మూడోసారి నిలిచిందని తెలియగానే నాయుడుపేటలోని అత్తగారింటి నుంచి తెచ్చుకున్నాం. డాక్టరమ్మ కదలొద్దంది. పిల్ల కదలడమే కాదు, మాట్లాడటం కూడా మానేసింది. నా వెటకారానికి రెట్టింపు వెటకారం తిప్పికొట్టే పిల్ల, ఇప్పుడు నేనేం చెప్పినా గోడ వైపు తిరిగేది. ఇంట్లో ముగ్గురం ఆ నాలుగో నెల పేరెత్తకుండా రోజులు నెట్టుకొస్తున్నాం.

తలుపు దబ్బున వేస్తే గూడు రాలుతుందని మా ఆవిడ ఆ తలుపు తెరవడమే నిషేధించింది. ఇక ఎడమ తలుపులోంచి దూరి, గేరు రాడ్డు మీదుగా పాకి, స్టీరింగు వెనక్కి చేరాలి. బడిలో ఎనిమిదో తరగతి దాటలేదు గానీ గేరు రాడ్డును మాత్రం రోజూ దాటాను. మొదటి రోజు మోకాలు హారను మీద పడింది. వీధికుక్క లేచి నిలబడింది. పంచె హ్యాండ్ బ్రేకుకు చుట్టుకుంది. నేను సగం లోపల, సగం బయట.

"నాయనా," అని వసారాలోంచి వినిపించింది. "సగం నువ్వు ఈడే ఉండిపోతావా, మొత్తం గుంటల కాడికి పోతావా?"

ఆ వెంటనే నవ్వు. ఎన్నాళ్లకో విన్నాను. పంచె చిక్కు తీసుకోవడం మానేసి అలాగే ఉండిపోయాను.

ఆ రోజు నుంచి నేను బయల్దేరే వేళకు అమ్మణ్ణి దిండుకు ఆనుకుని కూర్చునేది. "కాలు ముందు పెట్టు నాయనా... అది కాదు, ఆ కాలు," అని అరవై కిలోమీటర్ల డ్రైవింగు కంటే కష్టమైన ఆ రెండు సీట్ల ప్రయాణం నేర్పేది. పాకడం బాగా వచ్చాక కూడా నేను కావాలనే ఇరుక్కునేవాణ్ని.

ఒక పొద్దున ఆ మట్టిలో చిన్న రంధ్రం కనిపించింది. పిల్ల పురుగు ఎగిరిపోయింది. ఇక తలుపు తెరవచ్చు, మూత వేయించవచ్చు. కానీ నాలుగో నెల ఇంకా దాటలేదు. ఎవరికీ చెప్పకుండా ఎడమ వైపుకు వెళ్లి ఎప్పటిలాగే పాకాను. ఆ కంగారులో ఇరుక్కోకముందే "ఇరుక్కున్నా!" అని అరిచాను.

ఆ నెల దాటింది. స్కానింగుకు నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరమ్మ మాకు బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. రొయ్యల గుంటలో నీళ్లు చిలికే ఏరేటరు తిరిగినంత జోరు. బయటికొచ్చి ఎడమ తలుపులోంచి దూరబోతుంటే అమ్మణ్ణి నా చొక్కా పట్టుకుంది.

"నాయనా, పురుగు ఎప్పుడో పొయ్యింది. ఇంక ఆ తలుపు తీసుకో."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఇరుక్కోకుండానే అరిస్తివే, ఆ పొద్దున్నే."

తిరుగుదారిలో మెకానిక్ దగ్గర ఆగాం. అతను రిమోట్ లాక్ బిగించి, స్క్రూడ్రైవరుతో మట్టి గీకబోతే వెనక సీట్లోంచి తల్లీకూతుళ్లు ఒకేసారి అరిచారు, "ముట్టుకోబాక!"

"మట్టి తియ్యకుండా మూత ఎట్టన్నా?"

"దాని మీదనే వెయ్యబ్బయా," అన్నాను.

మూత కొంచెం ఉబ్బెత్తుగా కూర్చుంది. "చూసేదానికి బాగలేదన్నా," అని గొణిగాడు మెకానిక్.

అమ్మణ్ణి కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

"బాగుంది," అంది.