గైడు భార్య కొండెక్కిన ఆదివారం

ఫౌస్తినో వాల్పా మూడు భాషల్లో అబద్ధాలు చెప్పగలడు. కుస్కోలో గైడుగా బతకాలంటే ఆమాత్రం చదువు ఉండాలి. పాతకాలపు ఇంకా రాజులు కట్టిన గోడకు ఈ కన్నం ఎందుకని టూరిస్టులు అడిగితే సూర్యుడి కోసమంటాడు. పక్క కన్నం ఎందుకంటే చంద్రుడి కోసమంటాడు. ఆ కొండల ఎత్తులో మూడో ప్రశ్న వేసేంత ఊపిరి ఎవరికీ మిగలదు కాబట్టి అతని పాండిత్యానికి ఇంతవరకు ఢోకా రాలేదు. అతని టూరిస్టు వ్యాను నడిపే విల్బెర్‌ని నేను. వాళ్ళ అమ్మాయికి పుట్టువెంట్రుకలు కత్తిరించింది నేనే కనక ఆ ఇంటికి కొంపాద్రేని కూడా. మా దగ్గర ఆ చుట్టరికం ముందు నెత్తురు పంచుకున్నవాళ్ళు కూడా దిగదుడుపే.

ఇంట్లో మాత్రం ఫౌస్తినోకు ఏ భాషా రాదు. భార్య నికనోరా సంతలో రోజంతా కోడి సూపు అమ్మి వచ్చి, మిగిలింది వేడిచేసి ముందు పెడితే "ఉప్పు" అంటాడు. తక్కువైందో ఎక్కువైందో ఆమే కనిపెట్టుకోవాలి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని అతని భయం.

ఈసారి వాళ్ళ పెళ్ళిరోజు ఆదివారం పడింది. ఆదివారం ఊరివాళ్ళకు ఇంకాల శిథిలాలు చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు.

"నాకు శాలువా వద్దు, కమ్మలొద్దు. పీసాక్ కొండ మీద లోకమంతటికీ ఏవో చెప్తావంట గదా, ఆ మాటలు ఒక్కపూట నాకు చెప్పు," అంది నికనోరా.

"రోజూ చూసే రాళ్ళే గదా."

"రోజూ చూసేది నువ్వు. నేను చూసేది కోళ్ళని."

అలా బయలుదేరాం. మొక్కజొన్న పొత్తులూ చీజ్ ముక్కా ఉన్న మూట మోయడానికి నన్నూ రమ్మంది. ఇన్నేళ్ళూ కింద వ్యానులో నిద్రపోయినవాణ్ణి, మొదటిసారి పైకెక్కాను. నికనోరా ఆయాసం తెలియకుండా బుగ్గన కోకా ఆకు పెట్టుకుని, పెళ్ళినాటి లంగాలు కట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగి రొప్పుతూ ఎక్కింది. ఫౌస్తినో ఎవరో తరుముతున్నట్టు ముందు నడిచాడు.

"ఇవేంటయ్యా?"

"మెట్ల పొలాలు."

"అదేంటి?"

"గోడ."

"టూరిస్టులకీ ఇంతేనా చెప్పేది?"

"కనపడుతోంది గదా నీకు."

నాకు ఒళ్ళు మండింది. ఒక్కపూట నాలుగు మాటలు మాట్లాడితే వీడి సొమ్మేం పోతుంది?

లోయకు అవతలి కొండచరియ నిండా బొరియలు కనిపించే మలుపు దగ్గర అర్జెంటీనా ముసలివాళ్ళ గుంపు ఒకటి ఆయాసపడుతూ కూర్చుని ఉంది. వాళ్ళలో ఒకావిడ, "ఆ కన్నాలేమిటండీ?" అని అడిగింది. అంతే. ఫౌస్తినో వెన్ను నిటారుగా అయింది, గొంతులోకి తేనె దిగింది.

"సమాధులమ్మా. మావాళ్ళు చనిపోయినవాళ్ళను దూరం పంపరు, కళ్ళెదురుగానే ఉంచుకుంటారు," అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అలవాటుపడ్డ గాడిద బాటలో సగంలో ఆగదు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "నాకూ ఒక మనిషి ఉండేది. నా నికనోరా. చలిపొద్దున నేను లేచేసరికి వేడి దుంప ఊదుకుంటూ తొక్క తీసి నా చేతిలో పెట్టేది. వేళ్ళు కాలినా పైకి చెప్పేది కాదు. ఆమె నవ్వు వీధి చివరికి వినపడేది. ఒక ఏడాది వానల్లో జ్వరం తగిలి, నా ఒళ్ళోనే..."

అతని కంట నిజంగానే నీళ్ళు తిరిగాయి. గుంపంతా ముక్కులు చీదుకుంది. కళ్ళు తుడుచుకున్న టూరిస్టు చెయ్యి తర్వాత డబ్బు తీయడానికి జేబులోకే వెళుతుందని గైడులందరికీ తెలుసు.

ఇందాకటావిడ పక్కనున్న నికనోరా చెయ్యి పట్టుకుని, "పాపం, ఎంత ప్రేమో చూశారా," అంది.

"చూస్తున్నానండి. ఆమె పోయి ఎన్నాళ్ళయిందట?" అంది నికనోరా.

ఆ గొంతు విని ఫౌస్తినో తిరిగి చూశాడు. కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు మొహంలో.

"మీరు ఆవిడకేమవుతారు?" అందావిడ.

నిజం ఒక్కమాట చెప్తే చాలు, అతని గైడు బతుకు ఆ లోయలో పడిపోయేది. నికనోరా అతన్నే చూస్తూ, "పోయినావిడ చెల్లెల్ని," అంది. "ఆపేశారేం బావగారూ? చెప్పండి. మా అక్క గురించి ఇంత మంచిగా నేనెప్పుడూ వినలేదు. దానికీ వినే రాత లేకపోయింది."

నాకు తలెత్తాలంటే సిగ్గేసింది.

ఫౌస్తినో నోటికి స్పానిష్ రాలేదు. ఇంగ్లీషు రాలేదు. చివరికి కెచువాలో, తల్లి దగ్గర నేర్చుకున్న మాటల్లో అన్నాడు. అక్కడ ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

"నికా, నువ్వు బతికున్నావు గాబట్టే చచ్చిపోయావని చెప్పగలిగా. నిజంగా పోయుంటే ఈ నోటికి మాటెక్కడిదే?"

"ఏమన్నారు? ఇంకాల ప్రార్థనా?" అని అర్జెంటీనా ఆవిడ ఆత్రంగా పర్సు తెరిచింది.

"ఇది టూరులో లేదమ్మా," అన్నాడు ఫౌస్తినో.

నికనోరా లంగా అంచుతో మొహం తుడుచుకుంది. "ఈ ముక్క ఇంట్లోనే అనుంటే," అంది కెచువాలోనే, "నాకీ కొండెక్కే బాధ తప్పేదిగా."