గట్టుకు ఎడమ పక్క

మా అన్నయ్య కాలువ లస్కరు. పెద్ద ఉద్యోగమేమీ కాదు. పొద్దున్నే గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడవాలి. తూము దగ్గర వంతెన దాటి, అవతలి గట్టు మీద అంత దూరమూ వెనక్కి రావాలి. ఎక్కడైనా బుంగ పడిందా, మట్టి జారిందా అని చూసుకుని, ఆఫీసు రిజిస్టరులో "గట్టు క్షేమం" అని రాసి సంతకం పెట్టాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రెండు మాటలే రాశాడు. ఇంకొకరైతే పిచ్చెక్కిపోయేవారు. ఆయనకి ముందే మొక్కల పిచ్చి ఉండబట్టి, ఈ పిచ్చికి చోటు దొరకలేదు.

జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఏ మొక్క ఏ రోజున తొలిపువ్వు పూసిందో అందులో రాసుకుంటాడు. తంగేడు, తుమ్మి, గడ్డిచామంతి, ఉత్తరేణి... మనం చెప్పుకాళ్ళతో తొక్కుకుంటూ పోయేవన్నీ ఆయనకి చుట్టాలే. ఆఫీసులో ఆయన్ని పంచాంగం అని పిలిచేవాళ్ళు.

"మొక్కల్ని చూడనివాడు గట్టునేం చూస్తాడే?" అనేవాడు నాతో.

నిజమే. వానలు వెనకపట్టాక కూడా గట్టు బయటి వాలులో తుంగ పచ్చగా లేచిందంటే, లోపల నుంచి నీరు ఊరుతున్నట్టే. ఆ ఒక్క గుర్తుతో రెండుసార్లు గండి పడకుండా ఆపాడు. ఆ వాలు కిందే పొలాలు, పొలాల పక్కన రెండొందల ఇళ్ళు. అందులో ఒకటి నాది.

మూడేళ్ళుగా మాత్రం ఆయన సణుగుడు పడలేకపోయాం. నీలిపూల విష్ణుకాంత ఇంకా రాలేదు. ఈ ఏడు తుమ్మి పూతే లేదు. అన్నం ముందు కూర్చున్నా ఇదే గోల. "కాలాలు చెడిపోయాయే" అని నిట్టూర్చేవాడు.

"వాటికీ మీలాగే రిటైర్‌మెంటు దగ్గర పడిందేమో లెండి" అనేది వదిన.

ఆయన నవ్వేవాడు కాదు. నడిచి వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని, గోడకేసి చూస్తూ పడుకునేవాడు. ఆ అలసట కాళ్ళది కాదని నాకు తెలుసు. ఏటా ఎదురుచూసే వాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తే మనిషికి ఓపికెక్కడుంటుంది?

ఇంతలో నాకు షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. రోజంతా కుట్టుమిషన్ తొక్కే కాళ్ళకి మళ్ళీ నడకేమిటని డాక్టర్ని తిట్టుకుంటూనే, ఒక పొద్దున అన్నయ్య వెంట బయల్దేరాను. వానలు వెళ్ళిపోయి నెలయింది. కాలువ నిండుగా పారుతోంది.

"చూశావా? ఈసారి కూడా విష్ణుకాంత లేదు" అన్నాడు నడుస్తూనే.

ఎడమ పక్క వాలంతా నీలంగా ఉంది. చొక్కా గుండీలంతేసి పువ్వులు, గడ్డిలో ఎక్కడ చూసినా అవే. వేళాకోళమాడుతున్నాడనుకున్నాను.

"నీ కాలి పక్కనున్నవేంటి మరి?"

"ఎక్కడే?"

"అబ్బ, ఎడమ పక్కన!"

తల పూర్తిగా తిప్పితే గానీ చూడలేదు. చూసి, అక్కడే నిలబడిపోయాడు. మళ్ళీ తల ముందుకి తిప్పి, నెమ్మదిగా అన్నాడు:

"అటు పక్క ఇంకేం కనబడుతున్నాయో చెప్పు."

చెబుతూ నడిచాను. గడ్డిచామంతి. ఎండిన గడ్డి. మళ్ళీ ఎండిన గడ్డి. "ఇక్కడ మాత్రం పచ్చగా ఉంది, మోకాలెత్తు."

ఆయన గబగబా వాలు దిగాడు. తుంగ. పీకితే వేళ్ళతో పాటు బురద వచ్చింది.

"నెల నాటి గడ్డే ఇది" అన్నాడు. "రోజూ దీని పక్కనుంచే పోయాను."

అప్పుడర్థమైంది నాకు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నీళ్ళు కుడి పక్కే, వాలు ఎడమ పక్కే. ఎదురుగా ఉన్న బాట కనబడుతోంది గనక, చూపుకేం లోటు లేదనుకున్నాడు పిచ్చి మారాజు. నాకు ఏడుపొచ్చింది. ఈ నడక తీసేస్తే ఆయనకి ఇంకేం మిగులుతుంది?

"ఎవరికీ చెప్పకు అన్నయ్యా. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళేగా. రోజూ నేనొస్తాను, ఎడమ పక్క నేను చూస్తాను."

"నీకు ఒంట్లో బాగోని రోజున?"

వాలు కిందికి చూశాను. అక్కణ్ణుంచి చూస్తే మా ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తున్నాయి.

మిగతా దూరం కూడా అలాగే నడిచాం, నేను చెప్పడం, ఆయన వినడం. ఆఫీసుకెళ్ళి ముందు ఆ ఊట సంగతి చెప్పి, ఇసుక బస్తాలతో మనుషుల్ని పంపించాడు. తరవాత రిజిస్టరు తెరిచాడు. అలవాటు కొద్దీ "గట్టు" అని రాసి ఆగాడు. దాని పక్కన "ఎడమ వైపు నాకు కనబడటం లేదు, వేరే మనిషిని పెట్టండి" అని రాసి సంతకం చేశాడు. ఇంజనీరు రెండుసార్లు చదివి, కుర్చీ చూపించాడు. అన్నయ్య కూర్చోలేదు.

మధ్యాహ్నం కళ్ళ డాక్టరు గ్లకోమా, అంటే నీటికాసులన్నాడు. పోయిన పక్కచూపు తిరిగి రాదట, ఉన్నది కాపాడుకోవాలట. మెట్లు దిగుతూ ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు. కింది మెట్టు మీద ఆగి, నోటుబుక్కు జేబులోంచి తీసి, తెరవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే అన్నీ వచ్చాయన్నమాట. ఏటా."

"వచ్చాయి అన్నయ్యా."

"పోన్లేవే" అన్నాడు. "కాలాలైతే బాగానే ఉన్నాయి."